మంచం దిగే మొదటి అడుగు

మూడేళ్లపాటు నా ప్రతి ఉదయం ఒకే పరీక్షతో మొదలైంది. మెలకువ రాగానే మంచం అంచున కూర్చుని, రెండు పాదాలూ నేలకు ఆనించి, ఎడమ కాలి మీద బరువు వేసే ముందు ఒక్క క్షణం ఊపిరి బిగబట్టేదాన్ని. అడుగు వేయగానే మడమ కింద, లోపలివైపు, బొటనవేలి గోరంత చోట మేకు దిగినట్టు ఉండేది. గోడ పట్టుకుని నాలుగైదు అడుగులు కుంటేదాన్ని. తర్వాత నొప్పి మెల్లగా సర్దుకునేది. పది నిమిషాలకు అసలేమీ లేనట్టు మామూలుగా నడిచేదాన్ని. ఆ మామూలు నడకను నమ్మే నేను మూడు సార్లు దెబ్బతిన్నాను.

నలభై దాటాక పరుగు మొదలుపెట్టినదాన్ని. మొదట ఐదు కిలోమీటర్లు, తర్వాత పది, ఆ తర్వాత రెండు హాఫ్ మారథాన్లు. పూర్తి మారథాన్ చేయాలని నిర్ణయించుకున్న రోజున డైరీ మొదటి పేజీలో 42.195 అని పెద్దగా రాసుకున్నాను. 1908 లండన్ ఒలింపిక్స్‌లో పరుగెత్తిన దూరం అది, 1921లో ప్రామాణికంగా ఖరారైంది. వందేళ్లుగా ఆ అంకె మారలేదు కాబట్టి మారవలసింది నేనే అన్న పట్టుదల నాకు మొదటి నుంచీ ఉంది. పట్టుదల మంచిదే. శరీరం మారడానికి ఎంత గడువు పడుతుందో తెలియకపోవడం దగ్గరే అంతా చెడింది.

మొదటిసారి నేను పట్టుకున్నది పదహారు వారాల ప్రణాళిక. వారానికి 35 కిలోమీటర్ల దగ్గర మొదలుపెట్టి ఏడు వారాల్లో 60కి చేరాను. అదే నెలలో మడమ ఎత్తు తక్కువగా ఉండే కొత్త బూట్లు కొన్నాను. అదే నెలలో ఎత్తుపల్లాల దారిలో పరుగెత్తడం కూడా మొదలుపెట్టాను. ఒకేసారి మూడు మార్పులు. తొమ్మిదో వారంలో ఒక ఉదయం ఆ మేకు మొదటిసారి దిగింది.

అప్పట్లో నాకు తెలిసిన వైద్యం ఒకటే: ఒళ్లు వేడెక్కితే పోతుంది. నిజంగానే రెండు కిలోమీటర్లు పరుగెత్తాక నొప్పి మాయమయ్యేది. పరుగు అయ్యాక గంటసేపు కూర్చుని లేస్తే మళ్లీ వచ్చేది. మూడు వారాలు అలాగే నెట్టుకొచ్చాను. చివరికి నాకు తెలియకుండానే పాదం అంచు మీద నడవడం అలవాటైంది. ఎడమ మోకాలు కూడా సలపడం మొదలయ్యాక ఆగాను. ఆ మారథాన్ పోయింది.

డాక్టరు చూసి ప్లాంటార్ ఫాసియైటిస్ అన్నారు. మడమ ఎముక నుంచి కాలివేళ్ల మొదళ్ల దాకా అరికాలి కింద ఒక మందమైన పట్టీ ఉంటుంది, అది ప్లాంటార్ ఫాసియా. అది దెబ్బతిని నొప్పి పెట్టడమే ఈ జబ్బు. నడిచేటప్పుడు మడమ లేచి వేళ్లు వంగగానే ఆ పట్టీ గిలకకు తాడు చుట్టుకున్నట్టు వేళ్ల మొదళ్ల చుట్టూ బిగుసుకుంటుంది. పాదం వంపు పైకి లేస్తుంది. మెత్తగా ఉన్న పాదం ఒక్కసారిగా గట్టిపడి మనల్ని ముందుకు తోస్తుంది. 1954లో హిక్స్ అనే పరిశోధకుడు దీన్ని సరిగ్గా గిలకతోనే పోల్చి వివరించారు. నిమిషానికి 170 అడుగుల చొప్పున నాలుగున్నర గంటలు పరుగెడితే ఒక్క ఎడమ పాదమే దాదాపు 23 వేల సార్లు ఈ పని చేయాలి. ఆ లెక్క వేసుకున్న రోజున నా పాదం మీద నాకున్న కోపం కొంత తగ్గింది.

ఆరు వారాలు పూర్తిగా మానేశాను. నొప్పి పోయింది. పోయిన మరుసటి ఆదివారమే పది కిలోమీటర్లు పరుగెత్తాను. ఎంత హాయిగా అనిపించిందో ఇప్పటికీ గుర్తుంది. ఐదు వారాల తర్వాత అదే చోట, అదే గోరంత చోట, మళ్లీ తిరగబెట్టింది.

ఆ రెండోసారి నేను చేయని ప్రయత్నం లేదు. బంతి మీద అరికాలిని దొర్లించాను, పిక్కలు సాగదీశాను, బూట్లలో మెత్తలు వేశాను, ఐసు పెట్టాను. బరువు తగ్గితే మడమకు భారం తగ్గుతుందనుకుని తిండి కూడా తగ్గించాను. వీటిలో ఈ చివరి పని మాత్రం ఎవరూ చేయవద్దని గట్టిగా చెబుతాను. పరుగు తగ్గినా నీరసం తగ్గలేదు, నిద్ర చెడింది, నెలసరి గతి తప్పింది. ఖర్చు చేసే శక్తికి తగినంత తినకపోతే ఎముకలు, హార్మోన్లు, కోలుకునే శక్తి అన్నీ దెబ్బతింటాయి. 2014లో అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ నిపుణులు ఈ స్థితికి ప్రత్యేకంగా ఒక పేరే పెట్టారు. కోలుకోవలసిన సమయంలో శరీరానికి ముడిసరుకు అందకుండా చేస్తున్నానన్న ఆలోచన అప్పుడు నాకు తట్టలేదు.

స్టెరాయిడ్ ఇంజెక్షన్ గురించి కూడా ఆ రోజుల్లోనే మాట వచ్చింది. దాని ఉపశమనం ఎక్కువగా కొన్ని వారాలే ఉంటుందని, అరుదుగా పట్టీ తెగే ప్రమాదం కూడా ఉందని డాక్టరు దాచకుండా చెప్పారు. నేను వద్దన్నాను. మందు మీద భయం కంటే నా మీద భయం ఎక్కువ. నొప్పి తెలియకపోతే మర్నాడే పరుగుకు వెళ్లిపోతానని నాకు తెలుసు. కొందరికి అది నిజంగా మేలు చేస్తుంది, వద్దనుకోవడం నా ఒక్కదాని నిర్ణయం.

నాలుగు నెలలకు తగ్గింది. తగ్గగానే వ్యాయామాలు ఒక్కొక్కటే జారిపోయాయి. బంతి సోఫా కిందికి చేరింది. ఏడాదిపాటు మడమ మాటే ఎత్తలేదు. మళ్లీ మారథాన్ ప్రణాళిక మొదలుపెట్టాను, ఈసారి జాగ్రత్తగా వారానికి పది శాతం కంటే పెంచకుండా. పది శాతం నియమం పరుగు నేర్చుకునే ప్రతివారూ వినే మాట. పాటిస్తే గాయం రాదని నేను గట్టిగా నమ్మాను. 2008లో నెదర్లాండ్స్ పరిశోధకులు కొత్తగా పరుగు మొదలుపెట్టిన వాళ్లను రెండు జట్లు చేసి, ఒక జట్టుకు ఈ పది శాతం పద్ధతిలో నెమ్మదిగా, ఇంకో జట్టుకు మామూలు పద్ధతిలో శిక్షణ ఇచ్చి చూశారు. రెండు జట్లలోనూ దాదాపు ఐదుగురిలో ఒకరికి గాయమైంది. ఈ సంగతి నాకు తెలిసేసరికి పన్నెండో వారంలో 30 కిలోమీటర్ల లాంగ్ రన్ ముగించి, ఇంటి మెట్లు ఎక్కలేక రెయిలింగ్ పట్టుకుని నిలబడి ఉన్నాను.

ఈ మూడోసారి నొప్పి తీరు వేరు. రాత్రి పడుకున్నా సలిపింది. మడమను రెండు పక్కల నుంచి అరచేతులతో నొక్కితే ప్రాణం పోయినట్టు ఉంది. ఎముకలో పగులేమోనని భయపడ్డాను. అలాంటి పగుళ్లు మొదట్లో ఎక్స్-రేలో కనిపించకపోవచ్చని డాక్టరు ఎంఆర్ఐ తీయించారు. ఆ రిపోర్టు వచ్చేదాకా గడిచిన రెండు రోజులు నేను ఇంట్లో ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. పగులు లేదు. పట్టీ మడమ ఎముకకు అతుక్కునే చోట బాగా మందమైంది, ఎముకలో కొద్దిగా వాపు ఉంది. మూడు వారాలు పరుగు పూర్తిగా ఆపి ఫిజియోథెరపిస్టును కలవమన్నారు. రాత్రిపూట సలిపే నొప్పి, ఎముక మీద ఒకే బిందువులో నొప్పి, నడిస్తే తగ్గకుండా పెరిగే నొప్పి ఉన్నవాళ్లు వ్యాయామాలతో కాలక్షేపం చేయకుండా ముందు డాక్టరును కలవాలి. నేను ఇంకో రెండు వారాలు పరుగెత్తి ఉంటే ఆ వాపు ఏమై ఉండేదో తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

మూడు వారాల తర్వాత ఫిజియోథెరపిస్టు గదిలోకి నడిచి వెళ్లేటప్పటికి నొప్పి దాదాపు లేదు. పరుగు ఎప్పుడు మొదలుపెట్టవచ్చో అడగడానికే వెళ్లాను. ఆవిడ నా కథంతా ఓపికగా విన్నారు. తర్వాత అడిగారు.

"పోయినసారి నొప్పి ఎప్పుడు పోయింది?"

"నాలుగో నెలలో."

"బలం ఎప్పుడు వచ్చింది?"

నా దగ్గర జవాబు లేదు. అవి రెండూ వేరు వేరు తేదీలు కావచ్చని అప్పటిదాకా నాకు తోచలేదు.

గోడకు వేళ్లు ఆనించి, కుడికాలి మీద నిలబడి, మడమను వీలైనంత పైకి లేపి దించమన్నారు. కుడికాలితో 24 సార్లు చేశాను, పిక్క మండింది. ఎడమకాలికి మారాను. ఎనిమిది దాకా బాగానే ఉంది. తొమ్మిది, పది, పదకొండు. పన్నెండోసారి మడమ లేవలేదు. నొప్పి లేదు, బిగుతు లేదు. లేవమని చెబితే కాలు వినలేదు, అంతే. కిందికి చూసుకున్నాను. పిక్క సన్నగా వణుకుతోంది. పక్కనే ఉన్న కుడి పిక్కతో పోలిస్తే అది చిక్కిపోయిందని అప్పుడే మొదటిసారి గమనించాను. ఈ కాలితో నేను 30 కిలోమీటర్లు పరుగెత్తాను. ఈ కాలితో 42 పరుగెత్తాలనుకున్నాను. ఆవిడ ఏమీ అనకుండా రెండు అంకెలూ కాగితం మీద పక్కపక్కన రాసి నాకిచ్చారు. ఆ కాగితం ఇప్పటికీ డైరీలో 42.195 అని రాసిన పేజీకి పిన్ను చేసి ఉంది.

ఆ తర్వాత ఆవిడ చెప్పిన వ్యాయామం చాలా మామూలుది. తువ్వాలును గట్టిగా చుట్టి మెట్టు మీద పెట్టాలి. కాలివేళ్లు ఆ తువ్వాలు మీదికి వంగి ఉండేలా ఒంటికాలి మీద నిలబడాలి. మూడు లెక్కపెట్టేసరికి మడమ పైకి, రెండు లెక్కలు అక్కడే, మూడు లెక్కల్లో కిందికి. వేళ్లు వంగి ఉంటాయి కాబట్టి గిలక తిరిగి పట్టీ బిగుసుకుంటుంది. అంటే ఏ భాగాన్ని ఇన్నాళ్లూ బతిమాలుతూ మర్దన చేస్తూ వచ్చానో, దాని మీదే బరువు పెట్టడం. మొదట్లో నాకు భయం వేసింది. 2014లో డెన్మార్క్ పరిశోధకులు 48 మంది మీద ఈ పద్ధతిని పరీక్షించారని ఆవిడ చెప్పారు. మూడు నెలలకు, సాగదీసే వ్యాయామం చేసినవాళ్ల కంటే ఈ బరువు వ్యాయామం చేసినవాళ్లు మెరుగ్గా ఉన్నారు. ఏడాది గడిచేసరికి రెండు జట్ల మధ్య తేడా లేదు. ఆ చివరి మాట కూడా చెప్పినందుకు ఆవిడ మీద నాకు నమ్మకం కుదిరింది. మంత్రదండం ఏదీ లేదని, కోలుకునే దారి కొంత దగ్గరవుతుందని మాత్రమే చెప్పారు.

రోజు విడిచి రోజు చేయాలి. మొదట పన్నెండేసి చొప్పున మూడు విడతలు. రెండు వారాల తర్వాత బరువు పెంచి పదేసి చొప్పున నాలుగు, నాలుగో వారం దాటాక ఎనిమిదేసి చొప్పున ఐదు. బరువంటే వీపున బ్యాగు, అందులో పుస్తకాలు. మా ఎనిమిదేళ్ల అమ్మాయి ఈ పని మొత్తం తన చేతుల్లోకి తీసుకుంది. నేను రెండో మెట్టు మీద నిలబడితే తను నాలుగో మెట్టు మీద కూర్చుని లెక్కపెట్టేది. మూడు లెక్కలంటే మూడే. నేను తొందరపడి రెండిట్లో దించేస్తే ఒప్పుకునేది కాదు.

"అమ్మా, మడమ సగమే లేచింది. అది లెక్కలోకి రాదు."

బ్యాగులో ఏ పుస్తకం చేరాలో కూడా తనే ఎంచేది. తన పాఠ్యపుస్తకాలు అయిపోయాక నిఘంటువు చేరిన రోజున పండగ చేసుకున్నాం. ఐదో వారంలో ఎడమకాలు పదిహేను దాటింది. పన్నెండో వారంలో 22. ఆ 22 కోసం నేను పడ్డ ఆరాటం ఏ హాఫ్ మారథాన్ చివరి కిలోమీటరులోనూ పడలేదు.

పరుగుకు తిరిగి వెళ్లడం ఐదో వారం నుంచి మొదలైంది. ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాల నడక, పది సార్లు. దాన్ని పరుగు అనడానికి మొదట్లో నా మనసు ఒప్పుకోలేదు. నా పక్కనుంచి తెలిసినవాళ్లు చెయ్యి ఊపుతూ దూసుకుపోతుంటే, గడియారం చూసుకుని నడకలోకి మారడం నాకు చాలా కష్టమైంది. ఆ ఆరోగ్యం, ఆ ఊపు పోతాయేమోనన్న దిగులు రాత్రిళ్లు పట్టుకునేది. 1984లో ఎడ్వర్డ్ కోయిల్ అనే పరిశోధకుడి బృందం బాగా శిక్షణ పొందిన క్రీడాకారుల చేత సాధన పూర్తిగా మాన్పించి కొలిచింది. శరీరం ఆక్సిజన్‌ను వాడుకునే గరిష్ఠ సామర్థ్యం మొదటి మూడు వారాల్లో తగ్గింది దాదాపు 7 శాతమే. మూడు నెలలకు దాదాపు 16 శాతం. ఆ 7 శాతాన్ని కాపాడుకోవాలని నేను మూడు వారాల నొప్పిని మూడేళ్లు చేసుకున్నాను.

ఊపు నిలుపుకోవడానికి నీళ్లలో పరుగెత్తాను. కాళ్లు అడుగుకు తగలనంత లోతులో, నడుముకు తేలే బెల్టు కట్టుకుని, నేల మీద పరుగెత్తినట్టే చేతులూ కాళ్లూ ఆడించాలి. అలవాటైన పరుగుగాళ్లు నాలుగు నుంచి ఆరు వారాలపాటు ఇలా చేసి సామర్థ్యాన్ని నిలుపుకోగలిగారని పరిశోధనలు ఉన్నాయి. విసుగు పుట్టే పని. కానీ గుండె పూర్తి వేగంతో కొట్టుకుంటుంటే మడమ మాత్రం హాయిగా ఊగుతూ ఉండటంలో ఒక ఊరట ఉంది. నీళ్లలోంచి బయటికి వచ్చి తడి పాదంతో నేల మీద అడుగు పెట్టినప్పుడు నొప్పి లేకపోవడం నాకు చాలా విలువైన అనుభూతి.

నొప్పికి అంకెలు వేయడం కూడా ఆవిడే నేర్పారు. సున్నా అంటే ఏమీ లేదు, పది అంటే భరించలేనిది. పిక్కను మడమకు కలిపే అకిలీస్ స్నాయువు గాయాలకు వాడే ఇలాంటి కొలమానంలో ఐదు వరకు సరేనంటారు. నా చరిత్ర చూసి ఆవిడ మూడు దగ్గర గీత గీశారు. పరుగులో మూడు దాటితే నడిచి ఇంటికి రావాలి. అంతకంటే ముఖ్యమైనది మర్నాటి ఉదయం అంకె. మంచం దిగే మొదటి అడుగుకు ఎంత? అది నిన్నటి కంటే పెరిగితే, నిన్నటి పరుగు ఎంత హాయిగా సాగినా ఎక్కువైనట్టే. పరుగెత్తేటప్పుడు వేడెక్కిన పాదం నిజం చెప్పదు. రాత్రంతా కదలకుండా ఉండి, ఉదయం ఒక్కసారిగా సాగవలసి వచ్చినప్పుడు అన్నీ బయటపడతాయి.

చిన్న నోటుపుస్తకం మంచం పక్కన పెట్టుకున్నాను. ఉదయపు అంకె, నిద్రపోయిన గంటలు, నిన్న ఏం చేశాను, మూడే గడులు. రెండు నెలలు రాశాక తిరగేస్తే నాకే తెలియని సంగతులు కనిపించాయి. వేగంగా పరుగెత్తిన మర్నాడు నా మడమ బాగానే ఉంటోంది. ఆ పై రోజున అంకె పెరుగుతోంది. ఇన్నాళ్లూ మర్నాడు బాగుంది కదా అని మళ్లీ పరుగెత్తి, మూడో రోజు నొప్పికి ఆ రెండో పరుగును నిందించేదాన్ని. ఇంకొకటి, ఆరు గంటల కంటే తక్కువ నిద్రపోయిన రాత్రి తర్వాత, పరుగు లేకపోయినా అంకె ఒకటి ఎక్కువగా ఉంటోంది. ఇది నా ఒక్క పాదం లెక్క. ఇంకొకరి పాదం ఇంకోలా చెప్పవచ్చు. అందుకే ఎవరి పుస్తకం వాళ్లు రాసుకోవాలని నా అభిప్రాయం.

ఆ పుస్తకం చూసే నా వారాన్ని మార్చుకున్నాను. ఏడు రోజుల్లో లాంగ్ రన్, వేగం పరుగు, బలం వ్యాయామం అన్నీ ఇరికిస్తే మధ్యలో పట్టీకి ఊపిరి తీసుకునే సందు దొరకడం లేదు. ప్రణాళికలన్నీ ఏడు రోజులకే ఎందుకు ఉంటాయి? ఉద్యోగాలకు వారం కావాలి, కణజాలానికి ఆదివారంతో పని లేదు. అందుకని పది రోజుల చుట్టు పెట్టుకున్నాను. అందులో ఒక లాంగ్ రన్, ఒక వేగం పరుగు, మూడు తేలిక పరుగులు, రెండుసార్లు నీళ్లలో, మూడు రోజులు ఏమీ లేదు. మెట్టు మీది వ్యాయామాన్ని వేగం పరుగు రోజు సాయంత్రానికి, ఒక తేలిక పరుగు సాయంత్రానికి జరిపాను. కష్టం కష్టంతోనే కలిపితే విశ్రాంతి రోజు నిజంగా విశ్రాంతిగా మిగులుతుంది. లాంగ్ రన్ ఆదివారం కాకుండా ఏ బుధవారమో వచ్చినప్పుడు తెల్లవారుజామున మూడున్నరకు లేవవలసి వచ్చింది. దానికోసం ముందు రాత్రి ఎనిమిదింటికే పడుకోవడం ఇంట్లో అందరికీ ఇబ్బంది. మా వారు ఆ ఆరు నెలలూ సర్దుకుపోయారు.

తేలిక పరుగును నిజంగా తేలిగ్గా పరుగెత్తడం నాకు అన్నిటికంటే ఆలస్యంగా వచ్చింది. పక్కవారితో పూర్తి వాక్యాలు మాట్లాడగలిగేంత నెమ్మది. నా పాత వేగం కంటే కిలోమీటరుకు నిమిషం పైనే ఎక్కువ పట్టేది.

ఈ ఆరు నెలల్లో జోన్ బెనోయిట్ కథ నాకు రెండు రకాలుగా అర్థమైంది. 1984లో అమెరికా ఒలింపిక్ ఎంపిక పోటీకి 17 రోజుల ముందు ఆమె మోకాలికి శస్త్రచికిత్స జరిగింది. ఆ ఎంపిక పోటీ గెలిచి, అదే ఏడాది లాస్ ఏంజలెస్‌లో మహిళలకు తొలిసారి జరిగిన ఒలింపిక్ మారథాన్‌లో స్వర్ణం సాధించారు. మొదటి గాయంలో ఈ కథ నాకు ధైర్యం ఇచ్చింది, ఆ ధైర్యంతోనే మూడు వారాలు కుంటుతూ పరుగెత్తాను. మూడో గాయం తర్వాత మళ్లీ చదివితే వేరే సంగతి కనిపించింది. ఆమె మోకాలికి ఉన్న సమస్య ఏమిటో కనిపెట్టి సరిచేశాకే పరుగెత్తారు. నేను మాత్రం ఏ సమస్యనూ సరిచేయకుండా ఆమె పట్టుదలను మాత్రమే అరువు తెచ్చుకున్నాను.

తప్పటడుగులు లేకుండా సాగిందని చెప్పను. పదిహేనో వారంలో 26 కిలోమీటర్ల తర్వాత ఉదయపు అంకె ఒకటి నుంచి నాలుగుకు ఎగబాకింది. పాత నేనైతే రెండు పనుల్లో ఒకటి చేసేదాన్ని: మొండిగా పరుగెత్తడం, లేదంటే నెల రోజులు అన్నీ మానేసి దిగులుగా కూర్చోవడం. ఈసారి రెండూ చేయలేదు. నాలుగు రోజులు నీళ్లలోకి మారాను. మెట్టు మీది వ్యాయామం ఆపకుండా బ్యాగులోంచి నిఘంటువు తీసేశాను. ఐదో రోజు అంకె రెండు. ఆరో రోజు ఐదు కిలోమీటర్లు. అసలు ప్రణాళికలో పోయింది ఒక్క లాంగ్ రన్. మూడేళ్లలో తిరగబెట్టిన నొప్పిని వారం లోపు దారికి తెచ్చుకోవడం అదే మొదటిసారి. ఆ వారం చివర నేను ఏడ్చాను.

గరిష్ఠ దూరం 30 దగ్గర ఆపాను, అది కూడా రెండే సార్లు. తోటి పరుగుగాళ్లు 32, 35 చేయకపోతే చివర్లో గోడ తగులుతుందని, అంటే ఒంట్లో శక్తి అయిపోయి కాళ్లు మొరాయిస్తాయని హెచ్చరించారు. తగిలితే నడుస్తాను గానీ మడమను ఇంటి దగ్గరే పోగొట్టుకోను అనుకున్నాను. చివరి రెండు వారాలు దూరాన్ని సగానికి తగ్గించి, వేగాన్ని మాత్రం అలాగే ఉంచాను. పోటీకి ముందు చేసే ఇలాంటి తగ్గింపుల మీద వచ్చిన అధ్యయనాలన్నిటినీ కలిపి 2007లో చేసిన విశ్లేషణ కూడా రెండు వారాల పాటు 41 నుంచి 60 శాతం దూరం తగ్గించడమే మంచిదని తేల్చింది. ఆ రెండు వారాల్లో కాలు నిలవక, లేని నొప్పులన్నీ ఉన్నట్టు అనిపించాయి. ప్రతి ఉదయం అంకె ఒకటి లేదా సున్నా. నోటుపుస్తకం లేకపోతే నా మాట నేనే నమ్మేదాన్ని కాదు.

పోటీ రోజు కోసం ఒక్క నియమం పెట్టుకున్నాను. నొప్పి ఎంతున్నా సరే, నడక తీరు మారితే, అంటే కుంటడం మొదలైతే, అక్కడితో ఆగిపోవడం. మా వారికి ముందే చెప్పాను, 34వ కిలోమీటరు దగ్గర నిలబడి నా కాళ్లు చూడమని. ముఖం చూస్తే మోసపోతారు, కాళ్లే చూడండి అన్నాను.

31 దాటాక మడమ పలకరించింది. రెండు. 33 దగ్గర మూడు. తొడలు రాళ్లలా ఉన్నాయి, అడుగులు చిన్నవయ్యాయి. 34 దగ్గర ఆయన రోడ్డు పక్కన మోకాళ్ల మీద కూర్చుని నిజంగానే నా పాదాలు చూస్తున్నారు. నేను దగ్గరికి వచ్చేసరికి తల ఎత్తి, "సమంగానే పడుతున్నాయి, వెళ్లు" అన్నారు. అక్కడి నుంచి రెండు నిమిషాలు నడక, ఎనిమిది నిమిషాలు పరుగు. 4 గంటల 52 నిమిషాలకు ముగింపు గీత దాటాను. అనుకున్న దానికంటే ఇరవై నిమిషాలు ఎక్కువ. మెడలో పతకం వేస్తున్నప్పుడు కూడా నా ఆలోచన మర్నాటి ఉదయం మీదే ఉంది.

మర్నాడు మెలకువ వచ్చేసరికి తెల్లగా తెల్లవారింది. అమ్మాయి అప్పటికే లేచి నోటుపుస్తకం, పెన్ను పట్టుకుని మంచం పక్కన నిలబడి ఉంది. లేచి కూర్చోవడానికే రెండు చేతులూ ఆనించవలసి వచ్చింది. పాదాలు నేలకు ఆనించాను. ఊపిరి బిగబట్టాను. ఎడమకాలి మీద నెమ్మదిగా బరువు వేశాను.

"ఎంత?" అంది.

"రెండు."

రాసుకుంది. నిద్ర ఎన్ని గంటలని అడిగింది, తొమ్మిది అని చెప్పాను, అదీ రాసుకుంది.

నాలుగు రోజులు అడుగు తీసి అడుగు వేయడం తప్ప ఏమీ చేయలేదు. ఐదో రోజు సాయంత్రం తువ్వాలు చుట్టి రెండో మెట్టు మీద పెట్టాను. బ్యాగు లేదు, పుస్తకాలు లేవు. అమ్మాయి వచ్చి నాలుగో మెట్టు మీద తన చోట కూర్చుంది.

"ఇవాళ ఎన్ని?"

"పన్నెండు."

"మూడు లెక్కల్లో పైకి," అని మొదలుపెట్టింది.